గాజు గూటిలో కాపురం

ఆసుపత్రి ల్యాబులో ఆరేళ్ళు పనిచేసిన అమ్మాయికి బాక్టీరియా అంటే ఒకటే లెక్క: కనిపించిందా, చంపెయ్యాలి. ఆ అలవాటుతోనే పిన్ని దగ్గర, సముద్రపు నాచు పెంచే ల్యాబులో చేరింది. చేరిన పదో రోజున కొంప ముంచింది.

పిన్ని మూడు రోజుల పని మీద ఊరికి వెళ్తూ, కిటికీ పక్క నాలుగు సీసాలు జాగ్రత్తని మరీమరీ చెప్పింది. నడిసముద్రం నుంచి తెచ్చినవి, మళ్ళీ అంతదూరం పోయే ఓపిక తనకు లేదంది. అమ్మాయి మైక్రోస్కోపులో చూస్తే సన్నటి గాజు గొట్టాల్లాంటి నాచు, ఒక్కోదాని కొసన పూసల దండలా బాక్టీరియా. అయ్యో, పాడైపోతున్నాయనుకుని నాలుగింటిలోనూ యాంటీబయాటిక్ చుక్కలు వేసి, పెద్ద పుణ్యం చేసినట్టు భోజనానికి కూర్చుంది.

అప్పుడే పిన్ని ఫోన్ చేసి, తన సీసాల ముచ్చట ఎత్తుకుంది.

"ఆ నీళ్ళలో తినడానికేమీ ఉండదే. గొట్టాల లోపల పూసల్లా ఉన్న బాక్టీరియాలే గాలిలోంచి నత్రజని లాగి వండిపెడతాయి. నాచు ఇల్లిచ్చింది, అవి వంట చూసుకుంటాయి. అవి పోతే ఇదీ పోయినట్టే."

అమ్మాయి ముద్ద కంచంలోనే వదిలేసి, ఊఁ కొట్టి ఫోన్ పెట్టేసింది. ఎండ తగిలి చచ్చాయని చెప్తే ఎవరికి తెలుస్తుంది? కానీ అబద్ధం అల్లే ఒక్కో నిమిషానికీ అక్కడ మందు తన పని తాను చేసుకుపోతోంది. తిరిగి ఫోన్ చేసి, జరిగింది చెప్పేసింది.



"మీ అమ్మ నిన్ను శుభ్రంగా పెంచానంటే ఇంత శుభ్రమనుకోలేదు. ఎంతసేపైంది?"

"అరగంట, పిన్నీ."

"ఏడుపు తర్వాత. బల్ల కింద వడకట్టిన సముద్రపు నీళ్ళున్నాయి. సీసాల్లోది సన్నటి వల మీద పోసి, మందు జాడ లేకుండా ఆ నీళ్ళతో కడుగు."

ఒక్కో సీసాలోని నాచునీ ఐదేసి సార్లు కడిగి కొత్త నీళ్ళలోకి మార్చింది, ఊపిరి గట్టిగా వదిలితే కొట్టుకుపోతాయేమోనన్నంత భయంగా.

మూడో రోజు పిన్ని వచ్చి, చెప్పులైనా విప్పకుండా మైక్రోస్కోపు ముందు కూర్చుంది. మూడు సీసాల్లో పాలిపోయిన గొట్టాలే. నాలుగోది చూసి, అమ్మాయికి చోటిస్తూ పక్కకు జరిగింది.

నీలి వెలుగులో ఎర్రటి గొట్టం, దాని కొసన బతికున్న పూసల నారింజ రంగు మెరుపు.

"అలా మెరిసే గొట్టాలెన్ని?"

"రెండు... కాదు, మూడు."

"మళ్ళీ లెక్కపెట్టు."

మూడే. అవి రేపటిదాకా నిలుస్తాయా అని అమ్మాయి అడగలేకపోయింది. పిన్ని ఇంకో కుర్చీ లాగి, కూర్చోమన్నట్టు దాని మీద తట్టింది.