ఎర్రరంగు పూసిన బోరింగు

నేనొక బోరింగును. పుస్తకాల్లో చేతిపంపు అని రాస్తారు గానీ, మా నల్లగొండ పల్లెలో ఆ పేరు పెట్టి పిలిస్తే నేను పలకను. ఎక్కడో కార్ఖానాలో ఇనుము కోసి, అతికించి నన్ను తయారుచేశారు. లారీలో తెచ్చి ఈ వాడ నడుమ నిలబెట్టారు. మొదటి నీళ్లు దూకిన రోజు ఆడవాళ్లు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇనుప ముక్కకు అంతకంటే మర్యాద ఏం కావాలి? నేను గంగమ్మనే అనుకున్నాను. నా కడుపులోంచి ఏం పైకి వస్తోందో నేనూ ఆలోచించలేదు, వాళ్లూ అడగలేదు.

అండాలు ఈ వాడకు కోడలుగా వచ్చింది. బడి మధ్యలో మాన్పించిన పిల్ల. భయస్తురాలు. బిందెను రెండుసార్లు కడిగి, మూతికి గుడ్డ కట్టి గానీ నీళ్లు పట్టేది కాదు. పెద్దబిడ్డ మౌనిక నడక నేర్చాక దాని కాళ్లు వంగడం మొదలైంది. ఏడాదికేడాది ఇంకా వంగాయి.

గ్రహణం నాడు కడుపుతో ఉండి కూరగాయ కోశావని అత్త లింగమ్మ తిట్టింది. ఒకరు తాయెత్తు కట్టారు, ఒకరు నూనె ఇచ్చారు. చివరికి అందరూ అన్నది ఒకటే మాట, నమ్మితేనే పని చేస్తుందని. పని చేయకపోతే తప్పు మందుది కాదు, అండాలు నమ్మకానిది. మనుషుల ఈ లెక్క నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తర్వాత సింధు పుట్టింది. దీని కాళ్లయినా నిలవాలని అండాలు చేయని జాగ్రత్త లేదు. కాచిన నీళ్లు మంచివని ఎవరో చెబితే, మసలకాచినా భయం తీరక, సగం ఇగిరిపోయేదాకా కాచి చల్లార్చి పోసేది.

ఒక వానాకాలంలో, నీళ్లు పరీక్షించే మేడమ్ నా దగ్గరికి వచ్చింది. నా నీళ్లతోనే పిల్లల ఎముకలు వంగుతున్నాయేమో చూడాలంది. అండాలు బిత్తరపోయింది.

"నా మాట నమ్మకమ్మా. నువ్వే చూడు" అంది మేడమ్. "ఒక గ్లాసుల వాననీళ్లు, ఒక గ్లాసుల ఈ నీళ్లు తీస్కరా. ఏది ఏదో నాకు చెప్పకు."

"గారడీ చేస్తవా బిడ్డా? మరి చిలకను తేలేదేంది?" అంది లింగమ్మ.

"చిలక నిజం చెప్తదంటే దాన్నే తెద్దును అవ్వా."

రెండు గ్లాసుల్లోనూ ఎర్రటి మందు చుక్కలు పడి నీళ్లు గులాబీ రంగయ్యాయి. ఒకటి గులాబీ రంగులోనే ఉండిపోయింది. రెండోది పసుపుపచ్చగా తిరిగింది. అది నాదే.

"మల్లొకసారి చేయి మేడమ్. గ్లాసుకు ఏమన్న అంటిందేమో!" అంది అండాలు.

మేడమ్ కోపగించుకోలేదు. గ్లాసులు మార్చి చేసింది. అండాలు ఇంటి వెనక్కి పోయి, అటుదిటు ఇటుదటు చేసి తెచ్చింది. మేడమ్ మళ్లీ చుక్కలు వేసింది. నావి మళ్లీ పసుపే. మేడమ్ తప్పు పట్టుకోవాలని కాదు, ఇది అబద్ధమైతే బాగుండునని అండాలు ఆశ. నా ఆశ కూడా అదే. తప్పుంటే పట్టుకొమ్మని గ్లాసు చేతికిచ్చే విద్యను నేను అంతకు ముందు చూడలేదు. సైన్సంటే అదేనట.

"ఈ నీళ్లల్ల ఫ్లోరైడున్నదమ్మా, కాళ్లు వంచే ఉప్పు. కంటికి కనబడది, నాలుకకు తెల్వది."

"చిన్నదానికి కాచి పోస్తున్న గద మేడమ్! సగం ఇగిరిందాంక కాచి..."

మేడమ్ గ్లాసు కింద పెట్టింది. తాయెత్తు కట్టినవాళ్లయితే ఇక్కడ ఒక చల్లని మాట చెప్పేవాళ్లు.

"కాస్తే పురుగులు చస్తయి. ఇది చావదు. నీళ్లు ఇగిరిన కొద్ది ఇంకా ఎక్కువైతది."

అండాలు నా చుట్టూ కట్టిన సిమెంటు గద్దె మీద కూర్చుంది. "మరి పెద్దదాని కాళ్లు?" అంది.

"మొత్తం సక్కగైతయని నేను చెప్పలేనమ్మా. చిన్నదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు. ఇయ్యాల్టి సంది ఈ నీళ్లు బంద్ చెయ్. ఊరవతలి నల్లా నీళ్లు మంచిగున్నయి, అవే తెచ్చుకో."

నాకు ఎర్రరంగు పూశారు, తాగొద్దని గుర్తు. కొందరు ఆ ఎరుపు మీదే బొట్టు పెట్టి నీళ్లు పట్టుకుపోయారు. లింగమ్మ కూడా బిందె తెచ్చింది. అండాలు అడ్డం నిలబడింది.

"ఊరవతలి నల్లా కాడికి ఎవలు నడుస్తరే?"

"నేను నడుస్త అత్తా. నీ నీళ్లు గూడ నేనే తెస్త."

ఎండలో, వానలో ఆమె నడుస్తూనే ఉంది. సింధు పాకింది, నిలబడింది, పరుగెత్తింది. ఆ పరుగు చూసి అండాలు నవ్వేది. పక్కన మౌనిక ఉందని గుర్తొచ్చి నవ్వు ఆపేసేది.

ఒకనాడు అండాలు బిందెలు దించి అలుపు తీర్చుకుంటోంది. మౌనిక నా గద్దె మీద కూర్చుని అడిగింది.

"అమ్మా, నేను చిన్నగున్నప్పుడు గా మేడమ్ ఎందుకు రాలె?"

అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవ్వలం అడగలె బిడ్డా."

అంతలో ఎవరో బట్టలు ఉతకడానికి నా పిడి కొట్టి నీళ్లు పట్టుకుపోయారు. ఇంకా ధార కారుతోంది. ఆటలో అలసిన సింధు ఉరికొచ్చి నా మూతి కింద నోరు పెట్టబోయింది. అండాలు లేచే లోపే, లేవలేని మౌనిక కూర్చున్నచోటు నుంచే వంగి అరచేత్తో నా మూతి మూసేసింది.

"వద్దే చెల్లె" అంది. "నన్ను చూడు."

తర్వాత నన్ను పీకి పాత ఇనుములో పడేశారు. తుప్పు నా ఎరుపునూ తినేసింది. నా మూతి మీద ఆ అరచెయ్యి మాత్రం ఇంకా ఉన్నట్టే ఉంటుంది.