పది నిమిషాల కబుర్లు

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే విభాగంలో ఉదయం షిఫ్టు దిగేవాళ్ళూ మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాళ్ళూ పది నిమిషాలు కలుస్తారు. కలిసి ఏం చేస్తారయ్యా అంటే, లోకంలోని కబుర్లన్నీ దొర్లిస్తారు. అది దండగో కాదో తేల్చడమే ఓ అమ్మాయి ఎమ్మే చివరి ఏడాది ప్రాజెక్టు. ఉద్యోగాల్లో మనుషుల మనస్తత్వం ఆమె చదువు. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న పిన్ని పుణ్యమా అని లోపలికి రానిచ్చారు.

రెండు నెలలు మూల కూర్చుని ప్రతి మాటా రాసుకుంది. పని మాటకు ‘ప’, కబురుకు ‘క’. నూటికి డెబ్బై ‘క’లే తేలాయి. అది విన్న మేనేజరు ఆ పది నిమిషాలూ ఓ నెల తీసేసి చూశాడు. ఆమె నివేదిక రాగానే శాశ్వతంగా పీకేస్తానన్నాడు. పిన్నికి తనే గొయ్యి తవ్వానని ఆమెకు ఏడుపొచ్చింది. కానీ అంకెలకు బంధుప్రీతి ఉండదు కదా!

పిన్ని ఆ కాగితాలు తిరగేసి ఒకచోట వేలు పెట్టింది. ‘మనవడికి జ్వరం, రాత్రంతా కన్ను మూయలేదు.’ తోటి పనామె మాట అది. పక్కన ‘క’.

“ఇది కబురా? నీ చదువు సంతకెళ్ళ! అది వినే కదే, దాన్ని ఇస్త్రీ యంత్రం దగ్గర్నుంచి తప్పించి మడతలకి పంపాం. నిద్రలేకపోతే చెయ్యి కాల్చుకోదూ?”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నాలుగు వేల మాటలూ మళ్ళీ చదివి, ఒక్కో మాట తర్వాత ఎవరు ఏ పనికి మారారో డ్యూటీ పుస్తకంలో చూసింది. ప్రమాదాల రిజిస్టరు తెప్పించుకుంది. కబుర్లున్న పదకొండు నెలల్లో చేతులు కాలినవాళ్ళు ఇద్దరు. కబుర్లు లేని ఒక్క నెలలో ఐదుగురు.

వైవా రోజున ప్రొఫెసరమ్మ పక్కన మేనేజరూ కూర్చున్నాడు.

“డెబ్బై శాతం కబుర్లేనని నువ్వే అన్నావు కదమ్మా?”

“తప్పు చెప్పాను సార్,” అంది ఆమె తడుముకోకుండా. ఆ తప్పు దిద్దిన పిన్నిని వెనక వరుసలో చూపించి, లెక్కంతా బోర్డు మీద పెట్టింది. మేనేజరు ఆ అంకెలు రెండుసార్లు చదువుకున్నాడు.

“సరే, పది నిమిషాలూ ఉంచుతాను.”

“పదిహేను కావాలి సార్. కాలిన ఆ ఇద్దరూ మాట్లాడేలోపే టైమైపోయింది.”

ఆయన ప్రొఫెసరమ్మ వైపు చూశాడు.

“నన్ను చూస్తారేం? ఈ సంగతి నాకంటే ఈ అమ్మాయికే బాగా తెలుసు,” అందావిడ.

మేనేజరు పదిహేను అని రాసి సంతకం పెట్టాడు. వెనక వరుసలోంచి పిన్ని లేచి, పరీక్ష గది అని కూడా చూడకుండా ఈల వేసింది.