ఎడంచేతి వాడు కావాలి

కాదు తల్లీ, ఆటగాడు అని రాయకు. ఫర్మన్ మామయ్య ఒక్కరోజైనా జట్టు చొక్కా తొడగలేదు. స్టోరు గది మనిషి అని రాయి. కేన్‌బ్రేక్ బట్టల మిల్లులో మగ్గాలకు కావలసిన కండెలు, నాడెలు, తోలు బెల్టులు, నూనె డబ్బాలు, చీపుళ్ళు చిన్న కిటికీలోంచి అందించే మనిషి. నేను మెల్లగానే చెబుతా, నువ్వూ మెల్లగానే రాసుకో.

ఆ సోమవారం పొద్దున్న మిల్లు కూత మోగేసరికే మామయ్య తన గదిలో ఉన్నాడు. పొడుగు మనిషి. ఊపిరి చాలని వాళ్ళకు భుజాలు చెవుల దగ్గరికి ఎక్కి ఉంటాయి చూడు, అలా ఉండేవి ఆయన భుజాలు. చొక్కా పైగుండీ ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదు. కండెలను బుట్టలోంచి తీసి, పగుళ్ళున్నవి ఒక పక్కకు, బాగున్నవి ఒక పక్కకు వేస్తున్నాడు. వేలితో తడిమితే చాలు, చూడక్కర్లేదు. వెనక కిటికీ తెరిచే ఉంది. మిల్లు మొత్తానికి అదొక్కటే తెరుచుకునే కిటికీ. గాలి తగిలితే నూలు తెగుతుందని మిగతావన్నీ మేకులు కొట్టేశారు. ఆ కిటికీలోంచి వాగు మీది గాలి తిన్నగా ఆయన వీపుకు తగిలేది.

వయసులో ఉన్నన్నాళ్ళూ మామయ్య ఏకుడు గదిలో పనిచేశాడు. దూది ఏకే ఆ గదిలో నిలబడితే ఎదుటి మనిషి మొహం మంచులోంచి చూసినట్టు ఉంటుంది. ఆ నుసి పీల్చి పీల్చి చివరికి రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోలేకపోయాడు. పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చుని, ఛాతీలో ఈల వేస్తుంటే తెల్లవారేదాకా అలాగే ఉండేవాడు. మిల్లు డాక్టరు ఉబ్బసం అన్నాడు. పాత సూపరింటెండెంటు జాలిపడి స్టోరు గదిలో వేశాడు. అక్కడికొచ్చిన ఏడాదికి మామయ్య మళ్ళీ మంచం మీద పడుకున్నాడు.

ఆ పొద్దున్న కిటికీ దగ్గరికి బెల్టు కోసం వచ్చిన ప్రతివాడూ శనివారం బేస్‌బాల్ ఆట గురించే మాట్లాడాడు. హార్లన్ ఫోర్డ్ మిల్లు జట్టు మన మైదానంలో మనల్ని చితక్కొట్టి పోయింది. వాళ్ళ సైజ్‌మోర్ అన్నదమ్ములు ముగ్గురూ ఎడంచేతి వాటం బ్యాటర్లు. మన పిచర్ పిల్లాడు కుడిచేత్తో ఎలా విసిరినా వాళ్ళకు బంతి పళ్ళెంలో పెట్టినట్టు కనపడింది. ఆ వేసవంతా మేమంతా కాపురముండే మిల్లు గుట్ట మీద ఒకటే వాదన, జట్టులోకి ఎవర్ని తేవాలని. మామయ్యది ఒకటే మాట. ఎడంచేతి పిచర్ కావాలి, దిగువ మిల్లులో టాల్మజ్ క్రో ఉన్నాడు, వాణ్ణి తెస్తే సైజ్‌మోర్‌లు గాలిని కొట్టుకోవాల్సిందే. మా నాన్న ఆస్‌బరీది ఇంకో మాట. పిచర్ కాదు, రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ కావాలి, ఇప్పుడున్నవాడు వంగేసరికి బంతి ఊరు దాటుతోందని. మామయ్య చెల్లెలే మా అమ్మ. బావా బావా అనుకుంటూ ఆ ఇద్దరూ ఒక్క విషయంలోనూ కలిసింది లేదు. వాన పడుతోందని ఒకడంటే రెండోవాడు చెయ్యి చాచి చూసి, లేదు ఆగిపోయింది అనేవాడు.

పది దాటాక ఫోర్‌మన్ డిలార్డ్ స్టోరు గదిలోకి వచ్చాడు. కిటికీ దగ్గర ఆగలేదు, తలుపు తీసుకుని లోపలికే వచ్చాడు. చుట్టూ చూశాడు. ఎత్తు స్టూలు మీద చెయ్యి వేసి ఊపి చూశాడు.

"ఇక్కడ బరువులెత్తే పనేమన్నా ఉంటుందా ఫర్మన్?"

"బెల్టుల చుట్ట ఒకటి. అది ఎప్పుడూ ఇద్దరం పట్టుకుంటాం."

"చెయ్యి నలిగేదేం లేదుగా? వేళ్ళు ఇరుక్కునే మిషనూ అదీ?"

"ఇక్కడ వేళ్ళకేమవుద్ది. మహా అయితే చీపురుపుల్ల గుచ్చుకుంటది."

డిలార్డ్ నవ్వాడు. కిటికీ దగ్గర నిలబడి గాలి పీల్చాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "నీ దగ్గు ఇప్పుడు తగ్గినట్టేగా?" అన్నాడు.

"తగ్గింది."

"మరింకేం."

ఆయన వెళ్ళాక మామయ్య బాగున్న కండెను ఒకదాన్ని తడిమి, పగిలినవాటిలో వేశాడు. ఆ రోజుల్లో మంచి ఆటగాణ్ణి తేవాలంటే మిల్లు వాడికి ఉద్యోగం ఇవ్వాలి. ఉద్యోగం అంటే మగ్గం కాదు. చేతికి దెబ్బ తగలని పని, దుమ్ము లేని పని. అలాంటి పనులు మిల్లులో ఎన్నో లేవు. మిగతావాటిలో ముందే ఆటగాళ్ళు కూర్చుని ఉన్నారు. వేసవంతా మైదానంలో ఎవరి చోటు ఖాళీ చెయ్యాలా అని గొంతులు పోయేట్టు అరిచాం కాని, మిల్లులో ఎవరి చోటు ఖాళీ అవుతుందా అని ఎవరికీ తట్టలేదు. అందరికన్నా ఎక్కువ అరిచినవాడికి అసలే తట్టలేదు.

మధ్యాహ్నం మిల్లు కంచె దగ్గరికి మామయ్య భార్య ఓలా అత్త భోజనం క్యారేజీ తెచ్చింది. నడుం మీద వాళ్ళ పాప లొరీన్ ఉంది, ఇంకా మాటలు రాలేదు దానికి. మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు, సీసాలో మజ్జిగ. మామయ్య రొట్టె తుంచి తినకుండా చేతిలోనే పొడి చేస్తుంటే అత్త అడిగింది. ఆయన చెప్పాడు.

అత్త లొరీన్‌ను రెండో పక్కకి మార్చుకుంది. తరవాత, "ఆ క్రోని నీ నోటితోనే పిలిచావు. నీ నోటితోనే వద్దను. నువ్వు వద్దంటే ఊరంతా వద్దంటది" అంది.

"ఏమని వద్దనను?"

"ఏదో ఒకటను. వేసవంతా అన్నీ అనలేదా? నాకు సైజ్‌మోర్‌లు ఎన్ని కొడితే ఏంటి. నాకు పడుకుని నిద్రపోయే మొగుడు కావాలి."

మామయ్య సరే అన్నాడు. మజ్జిగ మాత్రం తాగి లోపలికి వెళ్ళాడు.

సాయంకాలం కూత మోగాక అందరూ ఎప్పటిలాగే పెట్టిగ్రూ కొట్టు వరండాలో చేరారు. నేనూ ఉన్నా. సోడా సీసాల్లో వేరుశనగ గింజలు పోసుకుని, ఒక గుక్క తాగి కాసిని నములుతున్నారు. మామయ్య మెట్లెక్కగానే మా నాన్న మొదలుపెట్టాడు.

"రా బావా. శనివారం నుంచీ నీ కోసమే చూస్తున్నా. ఏడీ నీ ఎడంచేతి వాడు, జేబులో ఉన్నాడా?"

"ఎడంచేతి వాడు వద్దులే" అన్నాడు మామయ్య.

నమలడాలు ఆగిపోయాయి.

"ఏమన్నావూ?"

"ఆలోచించాను. నువ్వన్నదే నిజం. షార్ట్‌స్టాప్ కావాలి మనకి."

మూసి ఉందనుకుని తలుపును భుజంతో తోస్తే, అది తెరిచే ఉంటే మనిషి ఎలా తూలుతాడో, మా నాన్న అలా తూలాడు. గెలిచినందుకు సంతోషమే లేదు ఆయన మొహంలో.

"నాతో ఒప్పుకునేంత కష్టం నీకేమొచ్చింది? జొరమా?"

అందరూ నవ్వారు. మా నాన్నకు ఆ నవ్వు ఎక్కింది. పైగా బావ అవునన్నదాన్ని అవుననే అలవాటు ఆ నోటికి లేదు.

"షార్ట్‌స్టాప్ వచ్చి ఏం పీకుతాడోయ్? బంతి కంచె దాటి పోతుంటే వాడు కింద వంగి ఏరుకునేదేముంది?"

అది మామయ్య మాటే. పోయిన వారం అదే వరండాలో ఆయనే అన్నాడు.

"క్రో తాగుతాడంట" అన్నాడు మామయ్య.

"తాగని పిచర్‌ని ఒకణ్ణి చూపించు, వాణ్ణి చర్చిలో పెడదాం."

"మోచెయ్యి అయిపోయిందంటున్నారు."

"ఎవరు? నువ్వేగా మొన్న చెప్పావు, ఆ చెయ్యి ఇంకా పదేళ్ళు పలుకుతుందని."

"మరి ఉన్న పిల్లాణ్ణి కూర్చోబెడతామా? వాళ్ళమ్మ ప్రతి ఆటకీ వస్తది."

"వాళ్ళమ్మే నన్ను పట్టుకుని అడిగింది, బాబ్బాబు వాణ్ణి కూర్చోబెట్టండి అని."

వరండా అంతా ఊగిపోయింది. మామయ్య ఒక్కడే నవ్వలేదు. మా నాన్న మామయ్య మాటలన్నీ ఒకదాని తరవాత ఒకటి తీసి, వేసవంతా దాచుకున్నట్టు, ఆయన మీదికే విసిరాడు. ఎడంచేతి బంతి బ్యాటర్ వీపు వెనకనుంచి వచ్చినట్టుంటుందనీ, పెద్ద సైజ్‌మోర్ దానికి మోకాళ్ళు ముడుస్తాడనీ. మామయ్యకన్నా బాగా చెప్పాడు. రెండు వైపులవాళ్ళూ ఇప్పుడు క్రో కావాలంటున్నారు. మామయ్య ఏదో అనబోయాడు కాని దగ్గొచ్చింది. వరండా స్తంభం పట్టుకుని దగ్గాడు.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు హాలండ్ గారు చుట్టల కోసం వచ్చారు, వెనక డిలార్డ్. కొందరు లేచి నిలబడ్డారు. హాలండ్ గారు చెడ్డ మనిషి అని నేను చెప్పను. ఆయనకు హార్లన్ ఫోర్డ్ చేతిలో ఓడిపోతే అన్నం దిగదు, అంతే. మా అందరికీ అంతే.

"ఏంటి, తేలిందా?" అన్నారు.

"తేలింది సార్" అన్నాడు నాన్న. "క్రోని తెచ్చేయండి. మా బావ ఒక్కడే అడ్డం పడుతున్నాడు. ఇవాళ ఈయనకి ఒంట్లో బాలేదు."

హాలండ్ గారు మామయ్య వైపు తిరిగారు.

"నిజమా ఫర్మన్? వేసవంతా నా చెవిలో ఇల్లు కట్టింది నువ్వే. ఆ క్రోకి కబురు పంపానంటే నీ మాట మీదే. అక్కర్లేదనుకుంటే చెప్పు, ఇప్పుడే మాన్పించేస్తా. కావాలా, అక్కర్లేదా?"

వెనక డిలార్డ్ నేల చూస్తున్నాడు.

మామయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొట్టు లోపల పెట్టిగ్రూ తూకం వేస్తూ చెయ్యి ఆపాడు. ఒక్క మాట. అక్కర్లేదు అంటే చాలు, ఆ కిటికీ, ఆ గాలి, ఆ మంచం ఆయనవి. నోరు తెరిచాడు. ఊపిరి లోపలికి తీసుకున్నాడు. శనివారం పెద్ద సైజ్‌మోర్ కొట్టిన బంతి మొక్కజొన్న చేలో పడ్డ చోటు కళ్ళముందు ఉండి ఉంటుంది. అది ఆగే దారి కూడా కనపడుతూనే ఉండి ఉంటుంది.

"కావాలి సార్" అన్నాడు. "ఎడంచేతి వాడు కావాలి. వాడు లేకపోతే మనం సైజ్‌మోర్‌లను ఆపలేం."

"మంచిది" అన్నారు హాలండ్ గారు. చుట్టలు తీసుకుని వెళ్ళిపోయారు.

డిలార్డ్ వెనకబడ్డాడు. "ఎల్లుండి కల్లా స్టోరు గది ఖాళీ చెయ్యి ఫర్మన్. ఏకుడు గదిలో నీ పాత చోటు ఉంచాను" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు కాని, అంత నిశ్శబ్దంలో ఎవరికి వినపడదు.

మా నాన్న చేతిలో సోడా సీసా బల్లమీద పెట్టబోతే పక్కకు ఒరిగి పడింది. వేరుశనగ గింజలు మెట్లమీదికి దొర్లాయి. ఇంటికి పోయే దారిలో మామయ్యను పట్టుకున్నాడు.

"తెలుసా నీకు? పొద్దున్నుంచీ తెలుసా?"

"తెలుసు."

"ఒక్కమాట నా చెవిలో వేస్తే ఏం పోయింది బావా? నోరు మూసుకునేవాణ్ణిగా."

"నువ్వా?" అన్నాడు మామయ్య.

కాస్త దూరం పోయాక నాన్న మళ్ళీ అడిగాడు. "పోనీ ఆయన అడిగినప్పుడన్నా చెప్పొచ్చుగా."

"ఆయన నా పని గురించి అడగలేదు. ఆట గురించి అడిగాడు."

మర్నాడు మా నాన్న టోపీ చేత్తో పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి, క్రో అక్కర్లేదని చెప్పాడు. మీ బావే కావాలన్నాడుగా అని పంపించేశారు.

ఆగస్టులో హార్లన్ ఫోర్డ్ మళ్ళీ వచ్చింది. క్రో పెద్ద సైజ్‌మోర్‌ను మూడుసార్లు ఉత్త చేతులతో వెనక్కి పంపాడు. కంచె దగ్గర మామయ్య, మా నాన్న పక్కపక్కన నిలబడ్డారు. మామయ్య కనుబొమ్మల్లో దూది. కేక వేయబోతే దగ్గొచ్చేది, టోపీ మాత్రం ఊపాడు. ఆయన ఏమన్నా మా నాన్న, "అవును బావా" అన్నాడు. బంతి ఎత్తులో వేశాడంటే అవును, అంపైరు గుడ్డివాడంటే అవును. ఆట సగంలో మామయ్య ఆయన వైపు తిరిగాడు.

"ఒక్కటి కాదను. ఒక్కటంటే ఒక్కటి."

మా నాన్న నోరు తెరిచాడు. "అలాగే బావా" అన్నాడు.

ఆ చలికాలం మామయ్య మళ్ళీ కుర్చీలోకి మారాడు. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున మొదటి కూతకు ఓలా అత్త లేచింది. మిల్లు కూత ఆగాక ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు, కుర్చీలోంచి వినపడే ఆ ఈల కూడా.

ఇక చాలు తల్లీ. ఆదివారం వెళ్ళినప్పుడు ఇది మీ లొరీన్ నానమ్మకు చదివి వినిపించు. చూపు ఆనదు, చెవి బాగానే ఉంది, నిదానంగా చదువు. మా నాన్న నోటి దురుసే వాళ్ళ నాన్న ఊపిరి తీసిందని అది ఇన్నేళ్ళూ అనుకుంది. మా నాన్నా అలాగే అనుకుని పోయాడు. కావాలి అన్న ఆ మాట మామయ్య నోట్లో ఎవరూ పెట్టలేదని చెప్పు. వెళ్తూ ఆ బల్లమీది సీసా కూడా తీసుకెళ్ళు. మామయ్య స్టోరు గదిలో వదిలేసి వచ్చింది, ఆయన చోట్లోకొచ్చిన క్రో ఊరు విడిచి పోతూ నా చేతిలో పెట్టాడు. మూత తిప్పి చూడకు, రాదు. లోపల దగ్గు బిళ్ళలన్నీ ఏనాటి ఎండకో కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి, నల్లటి ముద్దై ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.