వెనక్కి నొక్కితే మొదటికే

పడవ మునిగిన నాలుగో రోజు పొద్దున కంపెనీ ఆమెను ఆ బడి హాలుకు పంపింది.

"మన ప్రోగ్రాం మొరాయిస్తోందట, వెళ్లి చూసి రా" అన్నాడు మేనేజరు.

పెళ్లి ఫోటోలు తీసే స్టూడియోల కోసం ఆమె రాసిన ప్రోగ్రాం అది. నదిలోంచి తీసిన చెప్పులు, గడియారాలు, సంచుల ఫోటోలు జనానికి చూపించడానికి అధికారులు దాన్నే వాడుతున్నారు. తమవాళ్ల వస్తువును గుర్తుపట్టినవాళ్లను పక్కగదిలోకి తీసుకెళ్తారు. ఆ గదిలో ఏముందో ఎవరూ అడగడం లేదు.

హాలంతటికీ ఒకటే కంప్యూటరు. దాని ముందు యాభై దాటిన వడ్రంగి ఒకాయన కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో పాలిష్ మరక ఇంకా వదల్లేదు. గోడ పొడవునా జనం వంతు కోసం నిలబడి ఉన్నారు. ఆమెను చూడగానే గుమాస్తా లేచొచ్చాడు.

"మొరాయించడం కాదమ్మా, ప్రాణం తీస్తోంది. మీరే చూడండి."

వడ్రంగి చిన్న చిన్న ఫోటోల వరసలు దాటుకుంటూ ఏడువందల దాకా వచ్చాడు. ఒక చెప్పు దగ్గర ఆగి, పెద్దది చేసి చూశాడు. కాదన్నట్టు తలూపి వెనక్కి నొక్కాడు. తెర ఒకటో నంబరు ఫోటోకి పోయింది. ఆయన మళ్లీ మొదటి నుంచి, చంటిపిల్ల బూటు దగ్గర్నుంచి, చూడసాగాడు.

"నిన్నట్నుంచీ ఇదే వరస" అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి. "పదమూడొందల ఫోటోలు. చెల్లెలి కోసం వచ్చాడు పాపం."

ఆమె చెవులు వేడెక్కాయి. ఆర్నెల్ల కిందట ఒక స్టూడియో యజమాని ఉత్తరం రాశాడు: "మీ ప్రోగ్రాంలో వెనక్కి నొక్కితే పెళ్లి మళ్లీ మొదట్నుంచీ చేయాల్సి వస్తోంది." ఆఫీసంతా పడి పడి నవ్వింది. ఆమె కూడా నవ్వి, దాన్ని తర్వాత చూద్దామనే జాబితాలో పడేసింది.

తెర పైభాగంలో, బటన్ల వరస మీద, గాయానికి వేసే ప్లాస్టరు ముక్క అంటించి ఉంది.

"ఇదేంటండీ?"

"పెద్దది చేసే బొమ్మ పక్కనే చెత్తబుట్ట బొమ్మ ఉంది కదమ్మా. నిన్న మొదలెట్టగానే జనం తొందరలో అది నొక్కేశారు. తెర మీద ఏదో అడిగితే అవునని నొక్కారు. ఫోటోలు మాయం. అందుకే కనపడకుండా మూసేశా."

"ఎన్ని పోయాయి?"

"ఎక్కడికి పోయాయో తెలిస్తేగా లెక్క చెప్పడానికి!"

ఎక్కడికి పోయాయో ఆమెకు తెలుసు. పైవరస అందంగా ఉండాలని, తీసేసిన ఫోటోల చోటును మూడు మెనూల లోపల దాచింది తనే.

"అయ్యా, ఒక్క నిమిషం లేస్తారా?"

వడ్రంగి కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. "లేస్తే మళ్లీ లైన్లో నిలబడాలామ్మా?"

"అక్కర్లేదండీ. పక్కనే కూర్చోండి."

ఆమె ఆ మూడు మెనూలూ దాటి తెరిచింది. తీసేసినవి పదకొండు ఉన్నాయి. ఏడోది ఊదారంగు సంచి. తెగిన పట్టీని తోలుముక్క వేసి రెండు ఇత్తడి మేకులతో బిగించి ఉంది.

ఆయన వేలు తెరను తాకింది. "ఆ మేకులు నేను కొట్టినవే."

గుమాస్తా కలం తీశాడు కానీ రాయలేకపోయాడు.

"దీనికోసమే కదమ్మా చూసింది" అన్నాడు వడ్రంగి. "నిన్నంతా చూశా. లేదు. సంచి లేదంటే మనిషి బతికే ఉంటుందనుకున్నా. రాత్రి బావకి ఫోన్ చేసి చెప్పేశా కూడా, ఏ ఒడ్డుకో చేరుంటుంది, పిల్లల్ని ఏడవొద్దని చెప్పమని." వేలు తెర మీంచి తీసి అడిగాడు. "దీన్ని చెరిపింది నేనేనా?"

"ఎవరి చెయ్యి తగిలినా, ఆ బటన్ అక్కడ పెట్టింది నేనండీ. వెనక్కి నొక్కితే మొదటికి పోయేలా రాసిందీ నేనే."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆమె చెప్పింది, అది పోలేదు. ఆయన ఆమె వైపు చూశాడు గానీ ఆ మాటలు చెవికెక్కినట్టు లేవు. "నంబరెంత రాసుకోవాలి బాబూ?" అని గుమాస్తాను అడిగి, చీటీ పట్టుకుని పక్కగదిలోకి వెళ్లాడు.

ఆమె గోడవారగా నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. మేనేజరు ఫోన్ చేశాడు.

"పరీక్షించకుండా ఏదీ మార్చకు. ఏమైనా అయితే ఎవరు జవాబుదారీ?"

"అయ్యేది అయిపోయింది సార్" అని ఫోన్ పెట్టేసింది.

అరగంట పట్టింది. వెనక్కి నొక్కితే చూస్తున్న చోటే ఆగేలా చేసింది. చెత్తబుట్టను పైవరసలోంచి పూర్తిగా తీసేసింది. మిగిలిన బొమ్మల కింద పేర్లు పెద్ద అక్షరాలతో రాసింది. పదకొండు ఫోటోలనూ వాటి వాటి చోట్లలో పెట్టింది.

తలెత్తేసరికి కిటికీలోంచి వడ్రంగి కనిపించాడు. మెట్ల మీద కూర్చుని ఫోన్ తీస్తున్నాడు, నంబరు చూసి మళ్లీ జేబులో పెట్టేస్తున్నాడు.

ఆమె లాప్‌టాప్ మూసి, లేచి వెళ్లి కంప్యూటరు దగ్గర నిలబడింది. కుర్చీలోకి ఒక ఆడమనిషి వచ్చింది. నాలుగువందల పంతొమ్మిదో ఫోటో దగ్గర ఆగి, ఒక గడియారాన్ని పెద్దది చేసింది. కాదు. వెనక్కి నొక్కింది. తెర అక్కడే నిలిచింది. అందులో వింతేమీ లేనట్టు ఆ మనిషి తర్వాతి ఫోటోకి పోయింది.

"కొంచెం పక్కకి జరుగమ్మా" అన్నారెవరో వెనకనుంచి. "మాక్కూడా కనపడాలి."

ఆమె జరిగి, గోడకు ఆనుకుని నిలబడింది.