గోలగాడి పాటకు లేచిన నారు

పొద్దున్నే వదిన తన నర్సరీలో ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి, గింజలు వేసి, నీళ్ళు చల్లి, "ఇక కానివ్వండ్రా" అనేది. నీడకు కట్టిన షేడ్ నెట్ కింద మరిది గిటార్ అందుకునేవాడు, స్నేహితులిద్దరూ డ్రమ్ముల ముందు కూర్చునేవాళ్ళు. పాట ముగిసేసరికి నారు వేలెడంత లేచేది. ఇరుగుపొరుగు వాళ్ళు నానబెట్టిన పెసలు తెచ్చి స్పీకర్ పక్కన పెట్టుకుని, మొలకలెత్తగానే పట్టుకుపోయేవాళ్ళు.

మరిదిని అందరూ గోలగాడనే పిలిచేవాళ్ళు. వాడికి వదిన పెట్టిన షరతు ఒక్కటే: నర్సరీలో మెత్తని పాటలే పాడాలి. ఒకసారి ప్రేమించిన పిల్ల కాదందని వీడు గొంతు చించుకున్నాడు. ఆ కాపు క్యాప్సికం తిన్నవాళ్ళు నోళ్ళు మండి వదినను చెడామడా తిట్టిపోశారు.

ఈసారి కష్టం వేరు. విత్తనాల కంపెనీ సరుకుతో పంట ఒక్కసారే. ఆ పంటలోంచి గింజలు దాచి మళ్ళీ వేస్తే మొలవవు. ఏటా వాళ్ళ గుమ్మం తొక్కాల్సిందే. వదిన అలా దాచిన టమాటా గింజలు వేసి చూసింది. గోలగాడు ఎంత తియ్యగా పాడినా ఒక్కటీ లేవలేదు. ఇకమీదట తమ విత్తనాల నారే అమ్ముతానని వదిన మాట ఇస్తేనే విత్తనం ఇస్తామని కంపెనీ కబురు పెట్టింది. మాట ఇస్తే సొంత నర్సరీలో తను కూలిమనిషే!

"కంపెనీని కడిగేస్తూ పాట కట్టాను వదినా. ఒక్కసారి పాడనీ."

"నోరు ముయ్యి. ఉన్న నారు కూడా మాడిపోతుంది."

ఇంతలో కంపెనీ ఆఫీసరు రానే వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. బోసిగా ఉన్న ట్రేలు చూసి, "అవి మొలవవండీ. మొలవకుండానే తయారు చేశాం" అన్నాడు.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోలగాడు అది చూశాడు. ఇంకేం ఆగుతాడు? గిటార్ తీగలు తెగేలా బాదాడు.

"గింజకు తాళం వేశావు, తాళంచెవి దాచావు,
మట్టిని అడిగావా? మబ్బును అడిగావా?
మా ఆకలికి ఓనరువా, ఎవడివయ్యా నువ్వు!"

డ్రమ్ములకు షేడ్ నెట్ అదిరిపోయింది. ఆపబోయిన వదిన అలాగే నిలబడిపోయింది. మొండి ట్రేల్లో పొట్టు కదిలి, గింజలన్నీ తలలెత్తాయి. ఆఫీసరు బ్యాగులో శాంపిల్ పొట్లాలు పగిలి, జిప్పులోంచి మొలకలు పచ్చగా తొంగిచూశాయి.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అని వదిన నవ్వేసింది. "నేనేమో ఇన్నాళ్ళూ వీటిని బుజ్జగిస్తున్నాను. వీటికీ కడుపు మండుతోందన్నమాట!" తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది. "నేను మాట ఇవ్వను బాబూ. మీ విత్తనం నాకొద్దు."

అతనికి కోపం రాలేదు. బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"మా అమ్మకి కాస్త చేనుందండీ. నా మాట నమ్మి మా కంపెనీ విత్తనమే వేసింది. దాచుకున్న గింజలు మొలవలేదు. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు." తలెత్తి గోలగాణ్ణి అడిగాడు. "ఈ పాట మా చేను దగ్గర పాడతారా?"

"పాడతాం గానీ, ఈ డ్రమ్ములు ఎవరు మోస్తారు?"

ఆఫీసరు టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. పెద్ద డ్రమ్ము భుజానికెత్తుకుని, "అమ్మ చేలోనే ఉంటుంది, పదండి" అన్నాడు.