కలబందకు పోసిన టీ

బిష్కెక్‌లోని ఆ ఐదో అంతస్తు ఇంట్లో మూడో కలబంద కూడా మొదలు మెత్తబడి కుళ్ళిపోయింది. కోడలు ఐగానిష్ దాన్ని కుండీలోంచి పెరికితే చేతికి తడి టీ ఆకులు అంటుకున్నాయి.

"అత్తయ్యా, చలికాలంలో దీనికి నెలకోసారి నీళ్ళు చాలని చెప్పానా లేదా? మళ్ళీ టీ పోశారు."

"మిగిలిన టీ తూములో పారబోస్తే పాపం చుట్టుకోదూ?" అంది బుర్మాకాన్. "అయినా నోరులేనిది, దాహమేసినా అడగలేదు. మనమే కనిపెట్టుకుని పొయ్యాలి."

ఐగానిష్‌కి వాదించే ఓపిక లేదు. పొద్దుటినుంచి మూడు విడతలుగా చుట్టాలు వచ్చి వెళ్ళారు. టీ పోయడం కోడలి పని. అక్కడ టీ గిన్నె నిండా పోస్తే చుట్టాలను ఇక వెళ్ళమన్నట్టే కాబట్టి, సగం సగమే పోస్తూ ఒక్కొక్కరికీ పదేసిసార్లు అందించింది. నడుం పట్టేసింది.

కుళ్ళని పిలకొకటి విడదీసి, తెగిన చోటు ఆరడానికి కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు కడుక్కుని, తన మొదటి గిన్నె కోసం టీ కూజా వంచింది. చుక్క రాలలేదు.

"అదా, ఇప్పుడే ఆ పక్కనున్న ఇంకో మొక్క కుండీలో పోశాను," అంది బుర్మాకాన్. "నువ్వింకా తాగలేదా? నోరుందిగా, అడగొచ్చుగా."