రెండు వైపులా అచ్చువేసే యంత్రం

ప్రింటరు కొనడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. పూర్తిగా విచారించకుండా ఏ వస్తువునూ కొనడం నా పద్ధతి కాదు. ముప్పైమూడేళ్లు జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. నరసరావుపేటలో మా వీధివారికి అర్జీలు రాసిపెట్టడం, దరఖాస్తులు పూరించిపెట్టడం ఆ తరువాత నా వ్యాపకమైంది. నా చేతిరాతలో దోషం చూపినవారు లేరు. అయితే ఈ రోజుల్లో కార్యాలయాలు చేతిరాతను అంగీకరించవు. అందువల్ల ప్రతి చిన్న కాగితానికీ వీధి మలుపులోని మహబూబ్ జిరాక్సు షాపులో నిలబడవలసి వచ్చేది.

ఒక నోటు పుస్తకంలో పట్టిక గీసుకున్నాను. రంగు సిరాతో పనిచేసే యంత్రాలను మొదటే కొట్టివేశాను. వారానికి రెండుమూడు సార్లు మాత్రమే వాడే ఇంట్లో, మా పల్నాటి ఎండలకు, సిరా ఎండి పూడుకుపోతుందని తెలిసినవారు చెప్పారు. నల్లపొడితో పనిచేసే లేజరుకు ఆ బాధ లేదు. ఆ పొడి డబ్బా ఒకటి ఎన్ని పేజీలకు వస్తుంది, లోపల అచ్చు పడే డ్రమ్మును విడిగా మార్చాలా, చెడిపోతే గుంటూరులో బాగుచేసేవారు ఉన్నారా అన్నవి తరువాతి గడులు. అన్నిటికన్నా పైన ఒక నియమం రాసుకున్నాను: కాగితాన్ని తనంతట తానే తిప్పుకొని రెండు వైపులా అచ్చువేయాలి. ఒక వైపు తెల్లగా వదిలేసిన కాగితాన్ని చూస్తే, సగం తిని లేచిపోయిన విస్తరిని చూసినట్టుంటుంది నాకు.

"ఏందండీ, పిల్లకి సంబంధం చూస్తన్నట్టు చూస్తన్నారు," అన్నది నా భార్య సుబ్బరత్నమ్మ. "దాని గోత్రం కూడా కనుక్కున్నారా?"

చివరికి తొందరపెట్టింది తహసీన్ దరఖాస్తు. ఆ అమ్మాయి మా పక్కింటి అమీనా బీ కూతురు. తండ్రి నూర్ మొహమ్మద్ పిడుగురాళ్లలో క్వారీ లారీల మెకానిక్కు. బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుని, గుంటూరులోని ఒక నర్సింగు కళాశాలలో సీటు కోరుతోంది. ఫీజు లేని సీట్లు ఆరే ఉన్నాయి. దరఖాస్తుతోపాటు ఎనిమిది ధ్రువపత్రాల నకళ్లు జతచేయాలి. గడువు నెలాఖరు.

కొనేముందు ఒక్క సందేహం తీర్చుకుందామని మహబూబ్ దగ్గరకు వెళ్లాను. అతను లేచి నాకు స్టూలు వేశాడు. తహసీన్ దరఖాస్తు సంగతీ, నేను చూసుకున్న యంత్రం సంగతీ చెప్పాను.

"ఇంటికి ఏ మిషనైనా సరిపోద్ది సార్. రెండేపుల ప్రింటుకి అదనంగా పెట్టటం ఎందుకు?"

"కాగితం ఆదా అవుతుంది."

"పుస్తకాలకైతే మంచిదే. అప్లికేషన్లకి పనికిరాదు సార్. ఒక్కో సర్టిఫికెట్టు ఒక్కో కాగితం మీద ఉండాల. ఆఫీసుల్లో స్కాన్ చేసేవోళ్లు బొత్తి పెట్టి మీట నొక్కుతారు. ఎనకేపు ఎవరూ తిప్పి చూడరు."

"తిప్పి చూడడం వారి విధి."

"విధే సార్. చూడరు, అంతే."

అప్పుడు నేనన్న మాట అనకుండా ఉండవలసింది. "ఎనిమిది కాగితాలు నాలుగైతే నీ గల్లాపెట్టెకు నష్టమని చెప్పరాదూ, మహబూబ్?" అన్నాను. షాపులో మరో ఇద్దరు ఉన్నారు. వారు నవ్వారు. మహబూబ్ నవ్వలేదు. "మీ ఇష్టం సార్," అని మిషను మూత తెరిచి, అందులో ఇరుక్కున్న కాగితాన్ని చాలాసేపు లాగుతూ కూర్చున్నాడు.

మర్నాడే ప్రింటరు ఇంటికి వచ్చింది. నకలు కూడా తీసే రకం. తహసీన్ తన అసలు పత్రాలను ప్లాస్టిక్ సంచీలో తెచ్చింది. పదో తరగతి మెమో వెనుక ఇంటరు మెమో, టీసీ వెనుక స్టడీ సర్టిఫికెట్టు, కులధ్రువీకరణ వెనుక ఆదాయ ధ్రువీకరణ, ఆధార్ వెనుక వైద్య పత్రం అచ్చయ్యాయి. కాగితం సగం వరకు బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లి, రెండో ముఖంతో తిరిగిరావడం చూసి ఆ అమ్మాయి ముచ్చటపడింది.

"భలే ఉంది తాతా. దానికెట్టా తెలుసుద్ది?"

నాలుగు కాగితాల అడుగునా 'పి.టి.ఓ.', అంటే వెనుకకు తిప్పి చూడమని, నా దస్తూరీతో రాశాను. కళాశాల వారి ప్రకటనలో చివరి వాక్యం 'అసంపూర్ణ దరఖాస్తులను సమాచారం ఇవ్వకనే తిరస్కరించబడును' అని ఉంది. ఆ వాక్యంలోని వ్యాకరణ దోషాన్ని తహసీన్‌కు విడమరిచి చెప్పాను. దాని అర్థాన్ని మాత్రం పట్టించుకోలేదు. అసలు పత్రాలు నా బీరువాలోనే భద్రంగా ఉంటాయని అమీనా బీ వాటిని నాకే అప్పగించింది.

దరఖాస్తును గడువులోపే పంపాము. తరువాత వచ్చిన సీట్ల జాబితాలో తహసీన్ పేరు లేదు. ఆమెకన్నా తక్కువ మార్కులవారి పేర్లు ఉన్నాయి. నేను, తల్లీకూతుళ్లు గుంటూరు వెళ్లాము. గుమాస్తా కంప్యూటరు తెరను మావైపు తిప్పాడు. తెర మీద దరఖాస్తు, నాలుగు పత్రాలు. నాలుగింటి కిందా నా 'పి.టి.ఓ.' స్పష్టంగా కనిపిస్తోంది. ఇంటరు మెమో లేదు. ఆదాయ ధ్రువీకరణ లేదు.

"వెనక ఉన్నాయి," అన్నాను.

"మా స్కానరు ముందువైపే తీసుద్దండీ. కమిటీ చూసేది ఇదే. ఇంటరు మెమో లేకుండా మార్కులెట్టా లెక్కేస్తారు?"

"కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి కదా. తిప్పి చూడవచ్చు."

"పద్దెనిమిదొందలు వచ్చినయ్ సార్. సీట్లు కూడా ఇచ్చేశారు." అతను మర్యాదగానే చెప్పాడు.

తిరుగు బస్సులో అది కార్యాలయం వారి నిర్లక్ష్యమని తల్లీకూతుళ్లకు గట్టిగా చెప్పాను. ఇంటికి రాగానే ప్రిన్సిపాలుకు మూడు పేజీల ఇంగ్లీషు ఉత్తరం రాశాను. అంత నిర్దుష్టమైన ఉత్తరం నా ఉద్యోగకాలంలో కూడా రాసి ఉండను. పన్నెండు రోజులకు రెండు పంక్తుల జవాబు వచ్చింది. సీట్లు భర్తీ అయ్యాయి, వచ్చే సంవత్సరం తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆ జవాబు పట్టుకుని అమీనా బీ ఇంటికి వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని మిరపకాయలకు తొడిమెలు తీస్తోంది. నిజం చెప్పకుండా తిరిగి రాకూడదని నిశ్చయించుకుని వెళ్లాను.

"అమీనమ్మా, తప్పు కార్యాలయానిది కాదు. వెనుకవైపు చూడరని మహబూబ్ నాకు ముందే చెప్పాడు. నేను వినలేదు. పైగా నలుగురిలో అతన్ని చులకన చేశాను."

ఆమె చేతులు ఆగలేదు.

"మాకు తెలుసన్నా. మీకు కాగితాలు ఇయ్యటానికి ముందే, ఒక్కోటి విడిగా తీయించండి, నేను ఊరికే తీసిస్తానని మహబూబ్ ఇంటికొచ్చి చెప్పిపోయాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చదువుకున్నోళ్లు గదా. ఆయన షాపోడాయె. మీకన్నా ఆయనకెక్కువ తెలుసుద్దా అనుకున్నాం." మరో కాయ తొడిమె తుంచుతూ, "మీరు మంచికే చేశారు. పిల్ల రాత," అంది.

ఆమె తిట్టి ఉంటే బదులు చెప్పగలిగేవాణ్ని. ప్రిన్సిపాలు జవాబును మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మహబూబ్ షాపు ముందు నుంచి రోజూ పాల కోసం వెళుతూనే ఉన్నాను. అతను ఇప్పటికీ లేచి నమస్కారం పెడతాడు. ప్రతినమస్కారం చేసి ముందుకు సాగిపోతాను. క్షమించమని ఒక విద్యార్థి చేత వందసార్లు రాయించినవాణ్ని, ఆ ఒక్క మాటను గుమ్మం దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకుంటున్నాను.

నిన్న తహసీన్ తన పత్రాల కోసం వచ్చింది.

"బట్టల షాపులో చేరతన్నా తాతా. టెన్త్ మెమో చూపియ్యమన్నారు. అన్నీ ఇచ్చెయ్యండి, ఇంట్లో పెట్టుకుంటా."

"వచ్చే ఏడు దరఖాస్తుకు మళ్లీ కావాలి కదమ్మా. ఇక్కడే ఉండనీ."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం తాతా."

బీరువా తెరిచి సంచీ తెచ్చి ఇచ్చాను. ఆ అమ్మాయి వెంటనే వెళ్లలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని, ఒక్కొక్క పత్రాన్నీ బయటికి తీసి, పేరు చూసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. నా చేతి నుంచి కాగితాలు తీసుకుని నా ఎదుటే సరిచూసుకున్నవారు ఇంతవరకు ఈ వీధిలో లేరు. ఆమె చేసింది సరైన పని. నా విద్యార్థి ఎవరైనా అలా చేసి ఉంటే మెచ్చుకునేవాణ్ని.

"ఎనిమిదీ ఉన్నాయి తాతా," అంది.

"మంచిదమ్మా," అని లేచి గేటు తీశాను.